నాన్న చేతి వణుకు, మతిమరుపు, ఆగిపోయిన నడక: వీటికి ఒకదానితో ఒకటి సంబంధం ఉందా?

పెన్నా ఒడ్డు (నెల్లూరు)

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 73 ఏళ్లు. సర్వే శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యారు. గ్రామ పటాల మీద పొలిమేరలు, చెరువు కట్టలు, పుంత దారులు ఇంకు పెన్నుతో గీసిన చేయి ఆయనది. ఇప్పుడు కాఫీ గ్లాసు ఎత్తితే ఒలికిపోతోంది. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి చాలాసేపు పడుతోంది. ఈమధ్య సంతకం సరిపోలలేదని ఒక బ్యాంకు చెక్కు తిప్పి పంపింది. అప్పటినుంచి పెన్ను ముట్టుకోవడం లేదు.

రోజూ తెల్లవారుజామున ఏసీ సుబ్బారెడ్డి స్టేడియానికి వెళ్లి నడిచేవారు. కిందటి వానల్లో రోడ్డు మీద జారి, పడబోయి ఆగారు. దెబ్బ తగల్లేదు, భయం మాత్రం పట్టుకుంది. ఇంట్లో అందరూ ఇక బయటికి వద్దన్నారు. నడక ఆగిపోయింది. ఆ తర్వాతే మతిమరుపు ఎక్కువైనట్టు మాకు అనిపిస్తోంది. అడిగిందే మళ్లీ అడుగుతారు. మాత్ర వేసుకున్నదీ లేనిదీ గుర్తుండదు. అదే ఏదైనా పాత ఊరి పటం సంగతి ఎత్తితే సర్వే నంబర్లతో సహా చెబుతారు.

బంధువులు వయసు మీద పడిందంటున్నారు. ఎదురింటివారు కంపవాతమేనని తేల్చేశారు. చేయి వణికితే మెదడు దెబ్బతింటున్నట్టేనా? నడక ఆగడానికీ ఈ రెండింటికీ లంకె ఉందా? మళ్లీ నడిపిస్తే ఏమైనా తేడా వస్తుందా? తెలిసినవారు చెబితే మేలు చేసినవారవుతారు.

కావలి మాస్టారు

బాబూ, వైద్యం సంగతి తెలిసినవాళ్లు చెబుతారు. నేను ముసలివాళ్ల పక్షాన ఒక మాట చెబుతాను. నాకూ డెబ్బై దాటాయి. మనిషి రిటైరైన మరుసటి రోజు నుంచే ఇంట్లోవాళ్లు ప్రేమకొద్దీ ఆయన చేతిలోని పనులన్నీ ఒక్కొక్కటిగా తీసేసుకుంటారు. కూరగాయల సంచీ, కరెంటు బిల్లు, మొక్కలకు నీళ్లు, చివరికి తన కాఫీ తాను కలుపుకోవడం కూడా. "మీరు కూర్చోండి నాన్నా" అన్న మాట రోజంతా వింటూ ఉంటే కాళ్లకు నడవాలనీ, వేళ్లకు కదలాలనీ ఎలా అనిపిస్తుంది? మీ నాన్నగారి పెన్ను ముందు ఆయన చేతికి తిరిగి ఇవ్వండి. సంతకం కోసం వద్దు, గీయడానికి ఇవ్వండి.

నరాల వైద్యురాలు (ఒంగోలు)

మాస్టారి మాట బాగుంది. అయితే దానికి ముందు కొన్ని ప్రశ్నలు వేయాలి. వణుకులన్నీ ఒకటి కావు.

చేయి ఒళ్లో ఊరికే పెట్టుకుని ఉన్నప్పుడు వణుకుతోందా, గ్లాసు పట్టుకున్నప్పుడు, రాస్తున్నప్పుడు వణుకుతోందా? ఒక చేతిలో మొదలైందా, రెండు చేతుల్లోనా? అక్షరాలు రానురాను చిన్నవై కుంచించుకుపోతున్నాయా, లేక పెద్దగానే ఉండి గీత వంకరలు పోతోందా? నడిచేటప్పుడు ఒక చేయి ఊగడం మానేసిందా? వాసనలు తెలియకపోవడం, మలబద్ధకం, నిద్రలో కేకలు వేయడం, చేతులూ కాళ్లూ విసరడం ఉన్నాయా? ఇంట్లో ముందు తరంలో ఎవరికైనా ఇలా ఉండేదా?

ఊరికే ఉన్న చేయి వణకడం, ఒక వైపునే మొదలవడం, కదలికలన్నీ మందగించడం, రాత చిన్నదవడం కంపవాతం వైపు చూపిస్తాయి. 1817లో జేమ్స్ పార్కిన్సన్ అనే లండన్ వైద్యుడు వర్ణించిన జబ్బు అది. పని చేసేటప్పుడు రెండు చేతులూ వణికితే, కుటుంబంలో మరొకరికీ ఉంటే, దాన్ని ఎసెన్షియల్ ట్రెమర్ అంటారు. పెద్దవాళ్లలో ఇదే చాలా ఎక్కువ. కంపవాతం వణుకు సాధారణంగా సెకనుకు 4 నుంచి 6 సార్లు, ఈ రెండోది 4 నుంచి 12 సార్లు. కంటితో ఆ తేడా పట్టుకోవడం కష్టం. అందుకే ఎప్పుడు వణుకుతోంది అన్నదే ముందు అడుగుతాం.

మందుల సంచీ మొత్తం బోర్లించి ఒక జాబితా రాయండి. ఆయాసానికి వాడే సాల్‌బుటమాల్, మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ చేతులు వణికిస్తాయి. వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్, తల తిరగడానికి రాసే సిన్నరిజైన్, ఫ్లూనరిజైన్ దీర్ఘకాలం వాడితే కొందరు పెద్దవాళ్లలో అచ్చం కంపవాతం లాంటి లక్షణాలు వస్తాయి. థైరాయిడ్ ఎక్కువైనా, షుగర్ పడిపోయినా వణుకు వస్తుంది.

పెన్నా ఒడ్డు

డాక్టరమ్మా, మీరు అడిగినవన్నీ గమనించాను. ఊరికే కూర్చున్నప్పుడు వణుకు లేదు. గ్లాసు నోటి దగ్గరికి వచ్చేసరికి ఎక్కువవుతోంది. రెండు చేతుల్లోనూ ఉంది, కుడివైపు కొంచెం ఎక్కువ. అక్షరాలు పెద్దగానే ఉన్నాయి, గీతే ముళ్లతీగలా వస్తోంది. మా తాతగారికి చివరి రోజుల్లో తల అడ్డంగా ఊగుతూ ఉండేదని అత్తయ్య చెప్పారు. మందుల్లో మీరు చెప్పిన సిన్నరిజైన్ ఉంది. తల తిరుగుతోందని ఎప్పుడో రాసింది, ఎవరూ ఆపమనలేదు గనుక ఇంకా వేసుకుంటున్నారు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ కూడా ఉంది.

నరాల వైద్యురాలు (ఒంగోలు)

మీరు చెప్పినదాన్ని బట్టి కంపవాతం కన్నా రెండోదానికే అవకాశం ఎక్కువ. కానీ మనిషిని చూడకుండా నిర్ధారించలేను, నిర్ధారించకూడదు. నాడీ వైద్యులకు చూపించి, సిన్నరిజైన్ ఇంకా అవసరమా అని తప్పక అడగండి. బీ12 విటమిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బీ12 తగ్గుతుంది. బీ12 తగ్గితే మతిమరుపు, పాదాల తిమ్మిరి, నడకలో తూలు వస్తాయి. సరిదిద్దగలిగిన మతిమరుపును వయసు ఖాతాలో వేసి వదిలేయడం నేను తరచూ చూస్తున్నాను, బాధ కలుగుతుంది.

మీ మొదటి ప్రశ్నకు జవాబు: చేయి వణికినంత మాత్రాన మెదడు క్షీణిస్తున్నట్టు కాదు. వణుకు, మతిమరుపు విడివిడిగా రావచ్చు, ఒకే మనిషిలో రెండూ కలవవచ్చు. దేనికది విడిగా పరీక్షించాలి.

మూలికల అంగడి (కందుకూరు)

దూలగొండి గింజల చూర్ణం పాలలో కలిపి ఇవ్వండి. వణుకుకు మన పెద్దలు వాడినదే.

నరాల వైద్యురాలు (ఒంగోలు)

అయ్యా, దయచేసి ఈ సలహా ఇక్కడ ఇవ్వకండి. దూలగొండి గింజల్లో లెవోడోపా ఉన్న మాట నిజమే, కంపవాతానికి మేము ఇచ్చే మందూ అదే. కాబట్టే జాగ్రత్త అవసరం. ఒక చెంచా చూర్ణంలో ఎంత మందు పోతోందో ఇంట్లో తెలియదు. బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు, వాంతులు, లేనివి కనిపించడం వంటివి రావచ్చు. ఎసెన్షియల్ ట్రెమర్‌కైతే అది పనికే రాదు. దానికి వాడే ప్రొప్రనలాల్ కూడా ఆస్తమా ఉన్నవాళ్లకు ఇవ్వకూడదు. పక్కవాళ్లకు పనిచేసిందని ఎవరూ తెచ్చుకుని వేసుకోవద్దు.

ఫిజియో (ఒంగోలు, మంగమూరు రోడ్డు)

నడక గురించి నేను చెబుతాను. 65 దాటినవారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచన ఇది: వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ, రెండు రోజులైనా కండరాలకు బలమిచ్చే వ్యాయామం, మూడు రోజులైనా నిలకడకూ బలానికీ కలిపి చేసే కదలికలు. మన దగ్గర మొదటిది మాత్రమే అందరికీ తెలుసు. పొద్దున్నే నడిచి వచ్చి, మిగతా రోజంతా టీవీ ముందు కూర్చుంటారు. పడిపోకుండా కాపాడేది తొడల బలం, నిలబడడంలో నిలకడ. నడక ఒక్కదానితో అవి రావు.

ఇంట్లోనే ఒక పరీక్ష చేయండి. చేతులున్న కుర్చీలో కూర్చోబెట్టి, 3 మీటర్ల దూరంలో గీత గీయండి. లేచి, మామూలు నడకతో గీత దాకా వెళ్లి, తిరిగి వచ్చి కూర్చోవాలి. 12 సెకన్లు, అంతకు మించి పడితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు లెక్క. ఇంకొకటి: చేతులు గుండెల మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో చూడండి. 70 నుంచి 74 ఏళ్ల మగవారు 12 సార్లైనా, ఆడవారు 10 సార్లైనా లేవగలగాలి. తక్కువైతే ఆ లేచి కూర్చోవడమే వ్యాయామంగా మొదలుపెట్టండి. పక్కన మనిషి ఉండాలి, కుర్చీ గోడకు ఆనించాలి.

నిలకడకు వంటింటి గట్టు పట్టుకుని ఒక పాదం ముందు ఒక పాదం పెట్టి నిలబడడం, తర్వాత చేయి కొద్దిగా వదలడం. భయపడిన మనిషిని మొదటి రోజే స్టేడియానికి తీసుకెళ్లవద్దు. ముందు వరండా, తర్వాత వీధి, ఆ తర్వాత స్టేడియం.

చేతికి వస్తే, వయసుతో పట్టు బలం తగ్గడమే కాదు, బలాన్ని ఒకే తీరుగా నిలిపి ఉంచడం కష్టమవుతుంది. కండరాన్ని నడిపే నాడీ కణాల సంకేతాలు ఒడిదుడుకులకు లోనవుతాయి. తేలికైన బరువును చాలా నెమ్మదిగా, అదుపుగా ఎత్తి దించే సాధనతో పెద్దవాళ్లలో చేతి నిలకడ మెరుగుపడిందని ప్రయోగాల్లో తేలింది. బరువు పెంచడం కంటే నెమ్మదితనం ముఖ్యం. ఇంట్లో చేయదగినవి బోలెడు. కలిపిన పెసలూ కందులూ వేళ్లతో వేరు చేయడం, వత్తులు చేయడం, పూలు కట్టడం, నాణేలు ఒకదాని మీద ఒకటి నిలబెట్టడం. ఎసెన్షియల్ ట్రెమర్ వీటితో పోదు. మిగిలిన నేర్పు పోకుండా మాత్రం ఉంటుంది.

లెక్కల మనిషి (నెల్లూరు, దర్గామిట్ట)

వ్యాయామం చేస్తే జ్ఞాపకశక్తి పెరుగుతుందని అందరూ అంటారు. రుజువు ఎంత గట్టిదో కూడా చెప్పుకోవాలి, లేకపోతే ఆశపడ్డ కుటుంబాలు నిరాశపడతాయి.

2011లో అమెరికాలో 120 మంది పెద్దవాళ్లతో ఒక ప్రయోగం జరిగింది. ఏడాది పాటు వారానికి మూడు రోజులు, 40 నిమిషాల చొప్పున నడిచినవారి మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ సుమారు 2 శాతం పెరిగింది. ఒళ్లు సాగదీసే వ్యాయామాలు మాత్రమే చేసినవారిలో అది సుమారు 1.4 శాతం తగ్గింది. పత్రికలు దీన్నే పదేపదే రాస్తాయి. కానీ 70 నుంచి 89 ఏళ్ల వయసున్న, పెద్దగా కదలని 1,635 మందితో అక్కడే రెండేళ్లు జరిగిన మరింత పెద్ద ప్రయోగంలో వ్యాయామం చేసినవారికీ, ఆరోగ్య పాఠాలు విన్నవారికీ తెలివితేటల పరీక్షల్లో తేడా కనిపించలేదు. బ్రిటన్‌లో అప్పటికే డిమెన్షియా (మతిమరుపు ముదిరి రోజువారీ పనులు కష్టమయ్యే జబ్బు) వచ్చినవారికి గట్టి వ్యాయామం చేయించి 2018లో ఫలితాలు ప్రకటించారు. ఒంటి సత్తువ పెరిగింది, మతిమరుపు నెమ్మదించలేదు.

నరాల వైద్యురాలు (ఒంగోలు)

నిజాయితీగా చెప్పారు, సంతోషం. మీరు చెప్పిన రెండో ప్రయోగంలోనే నడవలేని స్థితికి చేరేవారి సంఖ్య వ్యాయామం చేసినవారిలో తగ్గింది. తన కాళ్ల మీద తాను గుడికో, కూరల అంగడికో వెళ్లగలగడం చిన్న విషయం కాదు. వెళ్లలేనివాళ్లు మనుషులకు దూరమవుతారు, ఆ ఒంటరితనమే డిమెన్షియాకు ఒక కారణం.

లాన్సెట్ అనే వైద్య పత్రిక నిపుణుల కమిషన్ 2024 నివేదిక 14 కారణాలను లెక్కించి, వాటిని సరిదిద్దగలిగితే ప్రపంచంలో సుమారు 45 శాతం డిమెన్షియాను నివారించవచ్చు లేదా వాయిదా వేయవచ్చు అంటోంది. కదలకపోవడం వాటిలో ఒకటి మాత్రమే. వినికిడి లోపం, బీపీ, షుగర్, పొగ, చెడు కొలెస్టరాల్, చూపు తగ్గడం, దిగులు, చదువు లేకపోవడం, తలకు దెబ్బలు, గాలి కాలుష్యం కూడా ఉన్నాయి. మన దేశంలో 60 దాటినవారిలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉందని, అంటే సుమారు 88 లక్షల మంది అని దేశవ్యాప్త అధ్యయనం అంచనా వేసింది. కాబట్టి నడకతో పాటు చెవులు పరీక్షించండి, శుక్లాలు చూడండి. అడిగిందే అడుగుతున్నారంటే ఒక్కోసారి మొదటిసారి చెప్పింది వినపడకపోయి ఉండవచ్చు.

కనిగిరి కోడలు

అందరూ నడవమంటున్నారు. మా అత్తమ్మ లాంటివాళ్ల గురించి ఎవరైనా చెప్పండి. మాది కనిగిరి దగ్గర పల్లె. చిన్నప్పటినుంచి బోరు నీళ్లు తాగిన మనిషి. వెన్ను బిగిసిపోయింది, మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిప్పాలి, మోకాళ్లు వంగవు. అరవై అయిదేళ్లకే మంచానికి అతుక్కున్నారు. ఈమధ్య మాట తగ్గిపోయింది, ఎవరినీ పలకరించడం లేదు. ఇలాంటివారికి నడక ఎలా?

కావలి మాస్టారు

అమ్మా, మీ ప్రాంతపు కష్టం చాలా పాతది. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను, అంటే నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలకు వచ్చే జబ్బును, 1937లో గుర్తించి నమోదు చేసింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు ఆ జిల్లాలో ఉండేవి, ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా మీరు ఇదే ప్రశ్న అడగవలసి రావడం చూస్తే కడుపు తరుక్కుపోతోంది.

ఫిజియో (ఒంగోలు, మంగమూరు రోడ్డు)

కనిగిరి అమ్మా, ముందు ఆమె కాళ్లలో బలం తగ్గుతోందా, తిమ్మిర్లు ఉన్నాయా, మూత్రం అదుపు తప్పుతోందా అని చూడండి. ఫ్లోరోసిస్‌లో ఎముకలు, వాటిని పట్టి ఉంచే కట్లు గట్టిపడి వెన్నుపాము నలిగిపోవచ్చు. ఆ లక్షణాలు ఉంటే వ్యాయామం కంటే ముందు వైద్యుడు చూడాలి. బిగిసిన మెడనూ వెన్నునూ మొరటుగా వంచనీయకండి, నాటు కట్టువాళ్లతో అసలు వద్దు.

అవి లేకపోతే నడక తప్పనిసరి కాదు. మంచం అంచున కూర్చుని ఒక కాలు తర్వాత ఒక కాలు ముందుకు చాచడం, మడమలు ఎత్తి దించడం, చేతులు పైకెత్తి ముందుకూ పక్కకూ చాచడం, తువ్వాలును పిండుతున్నట్టు మెలితిప్పడం. చేతులతో చేసినా గుండె వేగం పెరుగుతుంది, శ్రమ లెక్కలోకి వస్తుంది. రోజులో కొద్దికొద్దిగా, చాలాసార్లు చేయించండి. ఆమె పక్కన కూర్చుని మీరూ చేస్తే ఇంకా మంచిది. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు గరిష్ఠ పరిమితి. ఇంటి నీటిని పరీక్ష చేయించండి, పిల్లల కోసమైనా.

నరాల వైద్యురాలు (ఒంగోలు)

మాట తగ్గిపోయిందన్నారు కదా, అది దిగులు కావచ్చు. పెద్దవాళ్లలో దిగులు చాలాసార్లు మతిమరుపు వేషంలో వస్తుంది. నొప్పికి వైద్యం, దిగులుకు వైద్యం రెండూ అవసరం. ఇంటి దగ్గరినుంచే మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలిమానస్ నంబరు 14416కు తెలుగులో ఫోను చేయవచ్చు.

కొత్తపట్నం కుర్రవాడు

మా తాత సముద్రం మీదికి వెళ్లడం మానేసి చాలా కాలమైంది. కానీ వలలు బాగుచేసేది ఇప్పటికీ ఆయనే. చిరిగిన చోట కన్నుకు కన్ను కలిపి ముడివేస్తుంటే మేము వేగం అందుకోలేం. నిన్న ఏం తిన్నారంటే చెప్పలేరు. ఎవరి వల ఏ మాసంలో ఎక్కడ చిరిగిందో ఆయనకు కచ్చితంగా తెలుసు. అమ్మ మాత్రం కళ్లు పోతాయి, వద్దని వల లాక్కుంటోంది. ఆయనను చేయనివ్వాలా?

నరాల వైద్యురాలు (ఒంగోలు)

చేయనివ్వండి, వెలుతురు బాగా ఉన్న చోట. చేతికి అలవాటైన నేర్పు, నిన్నటి సంగతులు గుర్తుపెట్టుకోవడం మెదడులో వేర్వేరు మార్గాల్లో నడుస్తాయి. అందుకే భోజనం మరచిన మనిషి ముడి మరచిపోడు. వల లాక్కుంటే కళ్లకు ఒరిగేదేమీ లేదు, ఆ ముడి మాత్రం పోతుంది. కంటి పరీక్ష చేయించి సరైన అద్దాలు ఇప్పించండి.

ఉదయగిరి వాసి

మా ఊళ్లో చెక్క గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చెక్కే పెద్దవాళ్లను చూస్తే నాకూ ఇదే అనిపిస్తుంది. కానీ అక్కడ ఉలి, బాడిస ఉంటాయి. వణుకు మొదలైన చేతికి పదును ఇవ్వడం ప్రమాదం కాదా? మా ఇంటి పెద్దాయన చేతికి ఇప్పుడు ఉప్పు కాగితం మాత్రం ఇస్తున్నారు. చెక్కడం కొడుకులది, నునుపు చేయడం ఆయనది. ఆయనకు చిన్నతనంగా అనిపిస్తుందేమోనని నా బాధ.

ఫిజియో (ఒంగోలు, మంగమూరు రోడ్డు)

అది మంచి ఏర్పాటు. పని మొత్తం మాన్పించకుండా అందులో ప్రమాదం లేని భాగం ఆయనకు మిగిల్చారు. చిన్నతనం అనిపించకుండా ఉండాలంటే చివరి మాట ఆయనదే కావాలి. ఏ గరిటె అంగడికి పోవాలో, ఏది తిరిగి చెక్కాలో ఆయన చెప్పాలి. ఇక్కడ ఇంకొక విషయం. 2015లో మన దేశంతో సహా 17 దేశాల్లో సుమారు 1,40,000 మంది పిడికిలి బలం కొలిచి, వాళ్లను కొన్నేళ్లు గమనించారు. పట్టు 5 కిలోలు తగ్గిన కొద్దీ మరణం ముప్పు 16 శాతం చొప్పున ఎక్కువగా కనిపించింది. పిడికిలి పిసికితే ఆయుష్షు పెరుగుతుందని దీని అర్థం కాదు. చేతి పట్టు మొత్తం ఒంటి కండబలాన్ని చూపిస్తుంది. అందుకే గరిటె నునుపు చేసే ఆయన కూడా కుర్చీలోంచి లేచి కూర్చునే వ్యాయామం చేయాలి.

కోలాటం అక్క (సింగరాయకొండ)

మా వీధిలో సాయంత్రాలు ఆడవాళ్లం కోలాటం వేస్తాం. అరవై దాటినవారే ఎక్కువ. మొదట భక్తి కోసమే చేరాం. పాట వినాలి, అడుగు వేయాలి, పక్కామె కోలు ఎటు వస్తుందో చూసి మన కోలు కలపాలి, గుండ్రంగా తిరగాలి, చరణం మారగానే వరస మార్చాలి. కొత్తగా వచ్చినవాళ్లు పాట పాడితే అడుగు తప్పుతారు, అడుగు చూసుకుంటే పాట మరుస్తారు. కొన్నాళ్లకు రెండూ కలుస్తాయి. ఇది మెదడుకు మంచిదేనా?

నరాల వైద్యురాలు (ఒంగోలు)

అక్కా, మీరు చెప్పినదాన్నే మేము ఆస్పత్రిలో పరీక్షగా పెడతాం. నడుస్తూ నెలల పేర్లు వెనక్కి చెప్పమంటాం, నడుస్తూ మాట్లాడిస్తాం. మాట్లాడాలంటే నడక ఆపేసే పెద్దవాళ్లు ఆ తర్వాత పడిపోయే అవకాశం ఎక్కువని 1997లోనే స్వీడన్ పరిశోధకులు గమనించారు. నడకా ఆలోచనా ఒకే పెట్టుబడిని పంచుకుంటాయి. మీ కోలాటంలో కాళ్లు, చేతులు, చెవులు, జ్ఞాపకం, తోటి మనుషులు అన్నీ ఉన్నాయి. కోలాటం డిమెన్షియాను ఆపుతుందని నేను చెప్పను. కానీ నా రోగులకు ఒక్క వ్యాయామం ఎంచమంటే, ఒంటరిగా ట్రెడ్‌మిల్ మీద నడవడం కంటే దీన్నే ముందు చెబుతాను. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు ఎగరకుండా అడుగు మాత్రం వేయండి, నేల తడిగా లేకుండా చూసుకోండి.

లెక్కల మనిషి (నెల్లూరు, దర్గామిట్ట)

మెదడు గురించే మాట్లాడుతున్నాం గనుక మన తెలుగువాళ్ల మధ్యే జరిగిన పని ఒకటి చెప్పాలి. హైదరాబాదు నిమ్స్ ఆస్పత్రిలో 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రచురించారు. రెండు భాషలు, అంతకు మించి మాట్లాడేవారికి జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది, చదువు రానివారిలో కూడా. మన నెల్లూరులో తెలుగు, తమిళం, ఉర్దూ కలిపి మాట్లాడే ముసలివాళ్లు ఎంతమంది ఉన్నారో చూడండి. పక్కింటి తమిళ మామ్మను మన మామ్మతో కూర్చోబెట్టి మాట్లాడనిస్తే మందు ఖర్చు లేదు.

రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి (ఒంగోలు)

చెక్కు సంగతికి ఎవరూ జవాబు చెప్పలేదు. వణుకు వల్ల సంతకం మారిపోతే శాఖకు వెళ్లి ఇప్పటి సంతకాన్ని కొత్త నమూనాగా ఇవ్వవచ్చు. అసలు సంతకమే చేయలేని స్థితి వస్తే, రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం ముసలివారు, జబ్బుపడ్డవారు వేలిముద్రతో డబ్బు తీసుకోవచ్చు. బ్యాంకుకు తెలిసిన ఇద్దరు సాక్షులు గుర్తించాలి, వారిలో ఒకరు బాధ్యతగల బ్యాంకు అధికారి అయి ఉండాలి. 70 దాటినవారికి ఇంటి దగ్గరే సేవలు అందించాలని 2017లో బ్యాంకులకు ఆదేశాలు వచ్చాయి. వెళ్లి అడగండి, మర్యాదగా, రాతపూర్వకంగా అడగండి.

వేలిముద్రలు అరిగిపోయిన పెద్దవాళ్లు, కొత్తపట్నం తాత లాంటివారు, పింఛను కోసం ఇబ్బంది పడనవసరం లేదు. పింఛనుదారుల కోసం ప్రభుత్వం పెట్టిన జీవన్ ప్రమాణ్ అనే ఆన్‌లైన్ సేవలో 2021 నుంచి ఫోను కెమెరాతో ముఖం చూపించి జీవన ధ్రువపత్రం ఇచ్చే వీలుంది.

ఒక్క మాట. కౌంటరు ముందు పది మంది చూస్తుండగా "సంతకం సరిగ్గా పెట్టండి" అని గద్దిస్తే మామూలు చేయి కూడా వణుకుతుంది. ఆ పెద్దాయనను పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, ముంజేయి బల్లకు ఆనించి, తొందరపెట్టకుండా పెట్టమంటే సంతకం చాలావరకు కుదురుతుంది. నేను ఉద్యోగంలో ఉన్నంతకాలం అలాగే చేయించాను.

పెన్నా ఒడ్డు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నాడీ వైద్యులకు చూపించాం. ఎసెన్షియల్ ట్రెమరేనని చెప్పారు. సిన్నరిజైన్ ఆపించారు. బీ12 బాగా తక్కువ ఉంది, ఇంజెక్షన్లు మొదలయ్యాయి. వినికిడి ఒక చెవిలో తగ్గింది, మిషన్ పెట్టుకోమన్నారు. జ్ఞాపకశక్తి పరీక్షలో కొంచెం లోపం కనిపించింది. బీ12 సరిపడా చేరాక మళ్లీ పరీక్షిస్తామని, అప్పటిదాకా పేరు పెట్టనని అన్నారు. వణుకు మాత్రను తక్కువ మోతాదులో రాశారు.

రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి గారు చెప్పినట్టే బల్లకు ముంజేయి ఆనించి కొత్త సంతకం ఇచ్చి వచ్చాం. మాస్టారు గారి మాట ప్రకారం పెన్ను చేతికిచ్చాం. లావుపాటి పట్టు ఉన్న పెన్ను తెచ్చాను. మా అబ్బాయి వాళ్ల బడి పటం గీయాలని అడిగితే గంటసేపు కూర్చున్నారు. గీతలు వంకరే. కొలత మాత్రం ఒక్కటీ తప్పలేదు, వాడు టేపు పట్టుకుని వెళ్లి సరిచూసి వచ్చాడు.

వరండాలో నడక మొదలైంది. 3 మీటర్ల పరీక్షలో ఇంకా 12 సెకన్లు దాటుతోంది. స్టేడియం ఎప్పుడని రోజూ అడుగుతున్నారు. ఎండలు ముదిరాయి కదా, ఎలా చేయమంటారు?

ఫిజియో (ఒంగోలు, మంగమూరు రోడ్డు)

12 లోపుకు వచ్చాక, పట్టుకునే మనిషి తోడుగా వీధి చివరిదాకా వెళ్లండి. అది అలవాటయ్యాక స్టేడియం. ఈ ఎండల్లో ఆరున్నరలోపు ముగించాలి, లేదా పొద్దు వాలాక వెలుతురు ఉండగానే. బయలుదేరే ముందు నీళ్లు తాగించండి. వణుకు మాత్ర కొత్తగా మొదలైంది గనుక లేవగానే నడిపించవద్దు. మంచం మీద కూర్చోబెట్టి, కాసేపు ఆగి, తల తిరగడం లేదని అడిగి తెలుసుకున్నాకే నిలబెట్టండి. బీపీ, నాడి ఒకసారి చూపించండి. చెప్పులు కాదు, మడమ పట్టి ఉంచే బూట్లు కావాలి. వినికిడి మిషన్ పెట్టుకునే వెళ్లాలి, వెనకనుంచి వచ్చే బండి వినపడాలి కదా.

కనిగిరి కోడలు

అత్తమ్మ మంచం అంచున కూర్చుని కాళ్లు చాస్తున్నారు. కాళ్లలో బలం ఉందనే డాక్టరు అన్నారు. తువ్వాలు మెలితిప్పడం మాత్రం ఇష్టం లేదంటున్నారు, దానికి బదులు చింతపండు గింజలు తీస్తానంటున్నారు. సరిపోతుందా?

ఫిజియో (ఒంగోలు, మంగమూరు రోడ్డు)

సరిపోతుంది. ఆమె అడిగిన పనే ఇవ్వండి. రెండు చేతులతో తీయమనండి, మధ్యమధ్యలో చేతులు పైకెత్తించండి.